పొగ ఎవరి వాకిట్లో?

నాకు కార్లంటే పిచ్చి. ఈ మాట అనగానే ఎదుటివాళ్లు "మీవారికా?" అని అడుగుతారు, నేనేదో నోరు జారినట్టు. కాదండీ, నాకే. మావారికి కారంటే భయం. స్టీరింగు ముందు కూర్చుంటే ఆయన చేతులకి చెమటలు పడతాయి. 2018 సెప్టెంబరులో ఎల్బీ నగర్ దాకా మెట్రో రైలు వచ్చిన రోజున ఆయన ఇంటికి మిఠాయి పొట్లం పట్టుకొచ్చారు. "ఇక నీ పక్కన కూర్చుని ప్రాణాలు అరచేతిలో పెట్టుకోనక్కర్లేదు" అన్నారు.

ఈ పిచ్చి పుట్టింది మిర్యాలగూడలో. మా మేనమామకి అక్కడ రైసుమిల్లు, ఒక అంబాసిడరు కారు ఉండేవి. చలికాలం పొద్దున్నపూట ఆ కారు ఒక పట్టాన లేచేది కాదు. డ్రైవరు ముందుభాగంలో ఇనప హ్యాండిలు దూర్చి బావిలో నీళ్లు తోడినట్టు తిప్పేవాడు. ఒక్కసారి గుర్రుమందంటే నాకు ఒళ్లు పులకరించేది. వడ్లు ఆరబోసే జాగాలో ఆ డ్రైవరే నాకు బండి నేర్పాడు. మొదటిరోజు తిన్నగా వెళ్లి వడ్లరాశిలో దిగబడ్డాను. మామయ్య తిట్టలేదు కానీ, అత్తయ్య మాత్రం "పెళ్లి కావలసిన పిల్ల" అంటూ చెంపలు వాయించుకుంది.

ఆ తర్వాత మారుతీ ఎనిమిది వందలు, ఆ పైన ఇంకో రెండు కార్లు నా చేతిమీదుగా వెళ్లాయి. ఇంజను చప్పుడు వింటే దాని జబ్బేమిటో చెప్పగలను. క్లచ్చి ఎప్పుడు వదలాలో, ఘాటు రోడ్డు మీద ఏ గేరు వెయ్యాలో నా కాలికీ చేతికీ తెలుసు, నన్నడగనక్కర్లేదు. అలాంటిదాన్ని, కరెంటు కార్లు వస్తున్నాయంటే ఏమంటాను? "చప్పుడు లేని బండి ఒక బండేనా? తాలింపు చిటపటలు లేని వంటిల్లులాగా!" అన్నాను. 2001లో బెంగుళూరు నుంచి రేవా అని బుల్లి కరెంటు కారొకటి వచ్చింది, మీలో కొందరు చూసే ఉంటారు. దాన్ని చూసి నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

మరి అంతగా నవ్విన నేను ఇవాళ కరెంటు కారు ఎందుకు నడుపుతున్నాను? అసలు విషయానికి వస్తాను.

మేముండేది దిల్‌సుఖ్‌నగర్ దాటగానే చైతన్యపురిలో, ఒక అపార్టుమెంటులో. మా అమ్మాయి ఎల్బీ నగర్‌లో ఉంటుంది. అల్లుడూ అమ్మాయీ ఉద్యోగస్తులు. అంచేత నాలుగేళ్ల మా మనవణ్ని పొద్దున్న తీసుకొచ్చి సాయంత్రం దింపే డ్యూటీ నాది. ఒకరోజు కింద సెల్లారులో కారు స్టార్టు చేసి, అద్దం తుడుద్దామని దిగాను. వాడు కారు వెనకాల నిలబడి బంతితో ఆడుకుంటున్నాడు. ఉన్నట్టుండి దగ్గు అందుకున్నాడు. చూద్దును కదా, ఆ పొగగొట్టానికి నా ముక్కు కంటే వాడి ముక్కే దగ్గరగా ఉంది! ఇన్నేళ్లుగా కార్లు ప్రేమించాను కానీ, వాటి వెనకాల ఎవరు నిలబడతారో ఎన్నడూ చూడలేదు. డ్రైవరు సీట్లో కూర్చున్నవాళ్లకి తమ పొగ వాసన రాదు మరి.

ఆ రాత్రే పద్దుపుస్తకం తీశాను. పాలపద్దు, చాకలిపద్దు రాసే అలవాటున్న చెయ్యి కదా, కారుకీ ఒక పద్దు పెట్టాను. ఏరోజు ఎన్ని కిలోమీటర్లు తిరిగానో ఏడాదిపాటు రాశాను. రాస్తే తేలిందేమిటయ్యా అంటే – మొత్తం 6,200 కిలోమీటర్లు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్‌కి అయిదు కిలోమీటర్ల లోపే. కొత్తపేట కూరగాయలు, సరూర్‌నగర్‌లో తోడికోడలి ఇల్లు, వనస్థలిపురంలో స్నేహితురాలు – ఎటు చూసినా రోజుకి ముప్ఫై కిలోమీటర్లు దాటలేదు. ఏడాది మొత్తంమీద వంద కిలోమీటర్లు దాటిన రోజులు పదకొండంటే పదకొండు.

"మధ్యదారిలో ఆగిపోతే?" అని అందరూ అడుగుతారు. మొదట నేనూ అడిగాను. కానీ ఆలోచించండి. పెళ్లిళ్లకి పనికొస్తుందని మనం రోజూ గుండిగలో అన్నం వండుకుంటామా? ఇంట్లో ఉన్న ముగ్గురికీ సరిపడే గిన్నె పెట్టుకుంటాం. ఏడాదికి నాలుగుసార్లు చుట్టాలొస్తే పక్కింటి నుంచి పెద్దగిన్నె అడిగి తెచ్చుకుంటాం. గిన్నె విషయంలో ఉన్న తెలివి మనకి కారు విషయంలో ఎందుకు లేదు? ఎందుకంటే గిన్నెని అవసరం కోసం కొంటాం, కారుని భయం కోసం కొంటాం. ఎన్నడూ వెళ్లని ఊళ్లకి వెళ్లాల్సొస్తుందేమోనన్న భయం.

ఆ భయం కొత్తదేమీ కాదు సుమండీ. పెట్రోలు కారు పుట్టినప్పుడూ ఇదే భయం. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు, మొగుడికి చెప్పకుండా, ఆయన తయారుచేసిన మూడుచక్రాల మోటారుబండిలో ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి బయలుదేరింది. సుమారు వంద కిలోమీటర్లు. లోకంలో ఎక్కడా పెట్రోలు బంకు లేదు. నూనె అయిపోతే విస్లోహ్ అనే ఊళ్లో మందుల షాపులో కొని పోసుకుంది. నూనె గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకున్న పిన్నుతో పొడిచింది. పుట్టింటికి వెళ్లాలనుకున్న ఆడది దారిలో బంకు ఉందా లేదా అని ఆగుతుందా? ఆమె వెళ్లింది గనకే ఆ బండి పనికొస్తుందని లోకానికి నమ్మకం కలిగింది. దారి ముందు ఉండి బండి తర్వాత రాలేదు. బండి నడిస్తేనే దారి పడింది.

ఇంకో తమాషా. వందేళ్ల కిందట అమెరికాలో కరెంటు కారుని ఆడవాళ్ల కారనేవారు. ఆ రోజుల్లో పెట్రోలు కారు లేపాలంటే మా మేనమామ డ్రైవరులా హ్యాండిలు తిప్పాలి. అది వెనక్కి తన్నితే చెయ్యి విరిగేది. కరెంటు కారుకి ఆ బెడద లేదు, పొగా లేదు. ఊరందరికీ పెట్రోలు కార్లు అమ్మిన హెన్రీ ఫోర్డుగారి భార్య క్లారా ఫోర్డు తాను మాత్రం డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అనే కరెంటు కారు నడుపుకునేది! ఇంటాయన వ్యాపారం వేరు, ఇల్లాలి సౌకర్యం వేరు కాబోలు. తీరా 1912లో కాడిలాక్ కారుకి మీట నొక్కితే లేచే స్టార్టరు వచ్చింది. హ్యాండిలు బాధ పోయింది. పెట్రోలు చవక, దూరమూ వెళ్లొచ్చు. దాంతో కరెంటు కారు పని మెల్లగా సరి. ఆ స్టార్టరుని తిప్పేది కూడా ఒక చిన్న కరెంటు మోటారే. సవతిని సింహాసనం ఎక్కించడానికి పల్లకి తానే మోసినట్టయింది పాపం, కరెంటుకి.

ఇక డబ్బు లెక్క. మావారు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు, ఆయన దగ్గర కబుర్లు చెల్లవు. నా పద్దు ముందేసుకుని కూర్చున్నారు. లీటరుకి పద్నాలుగు కిలోమీటర్ల చొప్పున 6,200కి 443 లీటర్లు. లీటరు 107 రూపాయలు వేస్తే ఏడాదికి 47 వేల పైచిలుకు. కరెంటు కారైతే యూనిటుకి ఆరున్నర కిలోమీటర్లు వస్తుందనుకుంటే 950 యూనిట్లు. యూనిటు పదేసి రూపాయలు వేసుకున్నా తొమ్మిదిన్నర వేలు. ఏడాదికి 38 వేలు మిగులు. "చూశారా!" అన్నాను నేను.

"ఆగు" అన్నారాయన. తెలంగాణలో కరెంటు కార్లకి రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు తీసేస్తున్నట్టు 2024 నవంబరులో ప్రభుత్వం ప్రకటించింది, 2026 డిసెంబరు 31 వరకు. ఆ మినహాయింపు పోగా కూడా, మేం చూసిన కరెంటు కారు దాని జోడు పెట్రోలు కారు కంటే రెండు లక్షలు ఎక్కువ. "రెండు లక్షలు రాబట్టడానికి అయిదేళ్ల పైన పడుతుంది. బ్యాటరీకి వాళ్లిచ్చే హామీ ఎనిమిదేళ్లు. అంటే లాభం అనుభవించేది మూడేళ్లు. ఆపైన బ్యాటరీ మార్చాల్సొస్తే శ్రీమద్రమారమణ గోవిందో హరి!"

అక్కడే నాకొక చిక్కుముడి కనిపించింది. బాగా తిరిగేవాడికి డబ్బు మిగులుతుంది, కానీ వాడికి దారిలో ఆగిపోతుందన్న బెంగ. నాలా ఇంటికీ కూతురింటికీ తిరిగేదానికి ఆ బెంగ లేదు, కానీ డబ్బేమంత మిగలదు. బెంగ లేనివాళ్లకి లాభం లేదు, లాభం ఉన్నవాళ్లకి బెంగ. అన్నీ ఉన్నాయి, అయిదోతనం ఒక్కటే తక్కువన్నట్టుంది వ్యవహారం.

"అయితే వద్దంటారా?" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వాడి దగ్గుకి రేటెంత వేశావు పద్దులో?" అన్నారు. మావారిలో అప్పుడప్పుడు ఇలాంటి మాటలు దొర్లుతుంటాయి. ఆ మాటమీద కారు కొన్నాం.

కొన్నాక అసలు కథ. అపార్టుమెంటులో కరెంటు తీగ ఎక్కణ్నించి లాగాలి? కొందరు కామన్ మీటరు మీద పడతానేమోనని కంగారు పడ్డారు. కొందరు అగ్గి అంటుకుంటుందన్నారు. మూడో అంతస్తు పిన్నిగారు మాత్రం సూటిగా అడిగింది – "నీకు కారుంది, నాకు మోకాళ్ల నొప్పులున్నాయి. లిఫ్టు బాగు చెయ్యడానికి డబ్బుల్లేవంటారు, నీ కారుకి ప్లగ్గు కావాలా?" ఆమె మాటలో న్యాయం ఉంది. అందుకని కామన్ మీటరు జోలికి పోకుండా, మా ఫ్లాటు మీటరు నుంచే, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత సొంత ఖర్చుతో తీగ దింపించుకున్నాను. ఇంట్లో ఉన్న కనెక్షన్ మీదే కారుకి చార్జింగు పెట్టుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022లోనే చెప్పింది. గొడవ సద్దుమణిగింది. మనవడు కారు వెనక అద్దానికి స్టిక్కరు కూడా అంటించాడు – "నేను పొగ వదలను" అని. వాళ్లమ్మ చేత రాయించాడు.

నాకు గర్వంగా ఉండేది. ట్రాఫిక్కులో ముందున్న బండి పొగ చిమ్ముతుంటే, "మేం అలాంటివాళ్లం కాదు" అన్నట్టు మెడ నిక్కించేదాన్ని. మడి కట్టుకున్న అత్తగారిలా అన్నమాట.

ఆ మడి పోయిన సంక్రాంతికి మైలపడింది.

మా పుట్టిల్లు దామరచర్ల దగ్గర ఒక పల్లె. ఎల్బీ నగర్ నుంచి నూట అరవై కిలోమీటర్ల పైచిలుకు. విజయవాడ రోడ్డు మీద నార్కట్‌పల్లి దాకా వెళ్లి, అక్కణ్నించి నల్లగొండ, మిర్యాలగూడ మీదుగా పోవాలి. నా పద్దులో పదకొండు రోజులన్నానే, వాటిలో ఇదొకటి. పండగముందు పంతంగి టోలుగేటు దగ్గర కార్లు ఎలా బారులు తీరతాయో టీవీలో మీరు చూసే ఉంటారు. ఆ బారులో గంటసేపు నిలబడ్డాం. చుట్టూ బళ్లు ఆగిన చోటే గుర్రుమంటూ పెట్రోలు తాగుతున్నాయి. మాది మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా ఉంది. మావారు మీటరువంకే చూస్తూ, "ఇంకా ఎంతుంది, ఇంకా ఎంతుంది" అని జపం. కంపెనీవాళ్లు చెప్పిన దూరం వేరు, ఏసీ వేసుకుని నలుగురం కూర్చుంటే వచ్చే దూరం వేరు. మూడింట రెండు వంతులు వస్తే గొప్ప. దారిలో చార్జింగు పెట్టి ముప్పావుగంట కూర్చున్నాం. అమ్మ చేసినట్టే పులిహోర చేసి పట్టుకెళ్లాను, అది తిన్నాం. ఎన్నో ఏళ్ల తర్వాత మావారూ నేనూ దారిలో ఆగి మాట్లాడుకున్నాం. అది నష్టమో లాభమో ఆయన పద్దులో ఇంకా తేలలేదు.

సాయంత్రం తమ్ముడూ నేనూ డాబా మీద నిలబడ్డాం. వాడు వ్యవసాయం వదల్లేదు, ఊరూ వదల్లేదు. కిందనున్న నా కారుని చూసి అన్నాడు –

"అక్కా, నీ బండికి పొగ లేదంటివి గద?"

"లేదురా. వెనక గొట్టమే లేదు, కావలిస్తే చూడు."

వాడు నవ్వి, చెయ్యి చాపి చూపించాడు. ఆకాశాన్ని అంటుతున్నట్టు పొగగొట్టాలు. వీర్లపాలెం దగ్గరి యాదాద్రి థర్మల్ కేంద్రం. 2015 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. ఎనిమిది వందల మెగావాట్ల యూనిట్లు అయిదు, మొత్తం నాలుగు వేల మెగావాట్లు. 2024 డిసెంబరులో ముందుగా రెండో నంబరు యూనిటుని ప్రారంభించారు. సింగరేణి బొగ్గు ఇక్కడికొచ్చి కాలి, కరెంటై హైదరాబాదు దారి పడుతుంది.

"నీ బండికి గొట్టం లేకేం అక్కా? దిల్‌సుఖ్‌నగర్ల లేదు, గంతే. మా ఊరికాడ ఉన్నది. జర పొడుగు గొట్టం."

నాకు మాట రాలేదు.

మర్నాడు వాడపల్లి వెళ్లాం, సంగమం దగ్గర అగస్త్యేశ్వరుడి గుడికి. అక్కడ కృష్ణలో కలిసేది ఏ నదనుకున్నారు? మన మూసీయే. వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాదు నడుమగా వచ్చి, మూసారాంబాగ్ వంతెన కింద నుంచి, నాగోలు పక్కనుంచి పారి, నల్లగొండ జిల్లా అంతా తిరిగి ఇక్కడ కృష్ణమ్మ ఒడిలో పడుతుంది. మూసారాంబాగ్ వంతెన దాటేటప్పుడు నేను రోజూ కారు అద్దాలు పైకెత్తుకుంటాను, వాసన భరించలేక. ఎత్తుకుని, అయిదు నిమిషాల్లో మర్చిపోతాను. ఆ నీళ్లు ఎటు పోతాయని ఎప్పుడూ అడగలేదు. ఎటో కాదు, మా పుట్టింటివైపే వచ్చాయి. మన స్నానాల గదుల నీళ్లు ముందే వచ్చాయి, ఇప్పుడు మన కారు పొగ కూడా వచ్చి చేరింది. ఆడపిల్లకి పుట్టింటి నుంచి సారె వస్తుందంటారు. నేను పుట్టింటికి తీసుకెళ్లిన సారె ఇదా?

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మళ్లీ పద్దు మనసులోనే వేశాను. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. నా 443 లీటర్లకి టన్ను పైమాట. కరెంటైతే, మన దేశపు సగటున యూనిటుకి దాదాపు 0.7 కిలో. 950 యూనిట్లకి 670 కిలోల దాకా. అంటే మూడో వంతు తగ్గింది, రెండు వంతులు అలాగే ఉంది. బ్యాటరీ తయారు చేసేటప్పుడు పుట్టిన పొగ ఈ లెక్కలోకి రాలేదు, అది వేరే అప్పు. మొత్తానికి నా కారు పొగ వదలని కారు కాదు. తక్కువ వదిలేది, దూరంగా వదిలేది.

"తక్కువ" అన్నమాటకి నేను సిగ్గుపడనక్కర్లేదు. పెట్రోలు ఇంజను తాగినదాంట్లో పావు వంతు మాత్రమే చక్రానికి ఇచ్చి, మిగతాది వేడిగా తగలేస్తుంది. మోటారు అలా కాదు, నూటికి తొంభై పాళ్లు పనిలోకి తెస్తుంది. ఊళ్లో లక్ష బళ్లకి లక్ష గొట్టాలుంటే ఎవరు కాపలా కాస్తారు? ఒక పెద్ద గొట్టమైతే దానికి జల్లెడ కట్టమని అడగొచ్చు, కట్టకపోతే నిలదియ్యొచ్చు. పైగా ఇవాళ కొన్న పెట్రోలు కారు పదిహేనేళ్ల తర్వాత కూడా పెట్రోలే తాగుతుంది. కరెంటు కారు అలా కాదు, ఎండ నుంచి వచ్చే కరెంటు పెరిగే కొద్దీ అదీ తేటపడుతుంది. ఇవన్నీ నిజాలే.

కానీ "దూరంగా" అన్న మాట దగ్గర నా వాదన ఆగిపోయింది. దూరం ఎవరికి? నాకు. తమ్ముడికి అది ఇంటి పక్క.

చిన్నప్పటి మా వంటిల్లు జ్ఞాపకం వచ్చింది. కట్టెల పొయ్యి. వానాకాలం కట్టెలు తడిస్తే అమ్మ గొట్టంతో ఊదీ ఊదీ కళ్లు చింతనిప్పులయ్యేవి. వసారాలో కూర్చున్న నాన్నకీ, వచ్చిన చుట్టాలకీ పొగ లేదు. వేడివేడి అన్నం ఉంది. పొగ అమ్మది, భోజనం అందరిదీ. గ్యాసు పొయ్యి కొనుక్కుందామని అమ్మ అడిగినప్పుడు నాన్న ఏమన్నారో తెలుసా? "ఉన్న పొయ్యికేమొచ్చింది? అది మన ఇంటికి పనికొస్తుందా?" నాన్న చెడ్డవారు కాదు. ఆయన కూర్చున్నచోటికి పొగ రాలేదు, అంతే. ఆ పొయ్యి అందరికీ పనికొచ్చేదే, దాన్ని ఊదేవాళ్లకి తప్ప.

కరెంటు కారు పనికొస్తుందా అని అందరూ నన్నడుగుతారు, ఎన్ని కిలోమీటర్లు, ఎంత ఖర్చు, ఎంతసేపు చార్జింగు అని. అవన్నీ అడగవలసినవే, వాటికి నా దగ్గర జవాబులున్నాయి. ఊళ్లో తిరిగేవాళ్లకి, సొంతంగా బండి పెట్టుకునే జాగా, తీగ లాగే వీలు ఉన్నవాళ్లకి ఖాయంగా పనికొస్తుంది. వీధిలో బండి ఆపుకునేవాళ్లకి, రోజూ ఊళ్లు తిరిగేవాళ్లకి ఇంకా కష్టమే. కానీ ఒక ప్రశ్న మనం అడగడం లేదు. ఏ వస్తువైనా "పనికొస్తుంది" అన్నప్పుడు ఎవరికి పనికొస్తుంది, దాని పొయ్యి ఎవరు ఊదుతున్నారు? మన వాకిలి ఊడ్చుకోవడం మంచి అలవాటే. కానీ ఆ చెత్త పక్కింటి వాకిట్లో పోసి, "మా ఇల్లు ఎంత శుభ్రమో" అని మురిసిపోతే దాన్ని శుభ్రం అంటారా?

అలాగని కారు అమ్మేసి మళ్లీ పెట్రోలు కారు కొంటే మా తమ్ముడికి ఒరిగేదేమీ లేదు, మనవడికి దగ్గు తిరిగొస్తుంది. ఏ పనీ చెయ్యకుండా చేతులు కడుక్కోవడం కూడా చెత్త పక్కింట్లో పోయడంలాంటిదే. లెక్క చూస్తే నేను చేసింది తప్పు కాదు. కానీ లెక్క సరిపోయినంత మాత్రాన బాకీ తీరినట్టు కాదు. బాకీ ఉన్నదాన్ని బాకీ ఉన్నట్టు ఒప్పుకుని బతకాలి, అంతే.

ఊరినుంచి వచ్చాక చేసిన పనులు చిన్నవే. పూర్వం రాత్రి పడుకునేముందు ప్లగ్గు పెట్టేదాన్ని. ఇప్పుడు మధ్యాహ్నం పెడుతున్నాను. ఎండవేళ సోలారు కరెంటు ఎక్కువగా ఉంటుంది. ఒక్కదాన్నే ఎల్బీ నగర్ వెళ్లాల్సొస్తే మావారి మెట్రో ఎక్కుతున్నాను. ఆయనకి ఎంత సంతోషమో! 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో ఇళ్ల సంఘాలకి కూడా కిలోవాటుకి 18,000 రూపాయల సాయం ఉంది. డాబా మీద సోలారు పలకలు వేయిద్దామని మా సంఘం మీటింగులో కాగితం పెట్టాను. ముందుగా ఆ కరెంటుతో లిఫ్టు నడవాలి, తర్వాతే నా కారు అన్నాను. మొదటి సంతకం పిన్నిగారిదే. తక్కినవాళ్లు ఆలోచిస్తున్నారు.

కారు వెనకనున్న స్టిక్కరు నేనే గీకేశాను. మనవడు పెద్ద రభస చేశాడు. "ఎందుకు తీసేశావమ్మమ్మా? మన కారు పొగ వదలదుగా?" అన్నాడు. "వదుల్తుంది నాన్నా. మామయ్య వాళ్ల ఊళ్లో వదుల్తుంది" అన్నాను. వాడికి అర్థమైందో లేదో. "అయితే మామయ్యకి దగ్గొస్తుందా?" అని అడిగాడు. నాలుగేళ్ల వాడికి తట్టిన ప్రశ్న నాకు తట్టడానికి అరవై ఏళ్లు పట్టింది.

మొన్న తమ్ముడు ఫోను చేశాడు. కబుర్లన్నీ అయ్యాక, "అక్కా, నేను గూడ కరెంటు స్కూటరు తీసుకున్న" అన్నాడు.

"నువ్వా? నన్నంత వేళాకోళం చేసి?"

"మరేం జెయ్యాలె? పొగెట్లాగు మా నెత్తి మీదనే ఉండె. కరెంటన్న మేం వాడుకోవద్దా?"

వాడు నవ్వాడు. నేనూ నవ్వబోయాను. కానీ ఎందుకో, నా నవ్వు గొంతులోనే ఆగిపోయింది.